కరెంటు పోతే మాట్లాడే పిల్ల

నాకు ముక్కు మీద కోపం. ఇది దాచుకునే సంగతేం కాదు, నా దగ్గర చదువుకున్న ఏ పిల్లనడిగినా చెబుతుంది. మదనపల్లె వైపు మెట్ట ఊళ్ళో, గొంతు పెంచితే తప్ప కంచంలోకి రెండో ముద్ద రాని పెద్ద సంసారంలో పెరిగినదాన్ని. అలాంటి నన్ను తొంభైల మధ్యలో పుత్తూరు అవతల, తమిళ సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న ఒక మగ్గాల ఊరి బడికి బదిలీ చేశారు. అక్కడ నా క్లాసులో పిల్లలు నోరు తెరవకపోవడం చూసి నాకు పిచ్చెక్కినంత పనయింది.

ఆ ఊళ్ళో ఏ వీధిలోకి పోయినా మరమగ్గాల చప్పుడే. మగ్గాలు నడిపేవాళ్ళు చాలామంది ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్ళు, అంగడి వీధిలో తెలుగు మాట్లాడేవాళ్ళు, బేరం కుదరకపోతే రెండూ కలిపి తిట్టేవాళ్ళు. మసీదు వెనక ఉర్దూ మాట్లాడే ఇళ్ళు కొన్ని ఉండేవి. సాయంత్రం గోలీలాటలో ఒకే పిల్లవాడి నోట్లోంచి మూడు భాషలూ దొర్లుకుంటూ వచ్చేవి. బడి గేటు దాటితే మాత్రం అందరూ బెల్లం కొట్టిన రాళ్ళే. ఎందుకంటే మా హెడ్మాస్టరుగారిది ఒకటే రూలు: బడిలో అరవం వినపడకూడదు. వినపడిందా, ఆ పీరియడంతా గోడకేసి నిలబడాలి. ఆ రూలు అమలు చేసే పని క్లాసు లీడర్లది. వాళ్ళూ పిల్లలే కదా, చేతికి అధికారం దొరికితే ఊరుకుంటారా!

ఒకరోజు ఉండబట్టలేక ఆయన గదిలోకి వెళ్ళి అడిగేశాను. ఇంట్లో మాట్లాడే మాటని చెప్పుల్లాగా గేటు బయట విప్పేసి రమ్మంటే పిల్లలు ఏం మాట్లాడతారు సార్ అన్నాను. ఆయన కోప్పడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఏడో క్లాసు పరీక్ష పేపరు అరవంలో ఇస్తారామ్మా? నేను గూడా అరవ ఇంట్లో పుట్టినోణ్ణే. తెలుగు రాక బడిలో ఎన్ని దెబ్బలు తినినానో నాకు తెలుసు. ఆ దెబ్బలు వీళ్ళు తినగూడదనే ఈ తిప్పలన్నీ" అన్నాడు. ఆయన ఇంటి భాష తమిళమని నాకు అంతవరకూ తెలియదు. అంత చక్కటి తెలుగు మాట్లాడేవాడు. దెబ్బలాడదామని వెళ్ళినదాన్ని నోరు మూసుకుని బయటికి వచ్చాను.

ఆ ఏడు సగంలో ఉండగా నా నాలుగో తరగతిలో ఒక పిల్ల చేరింది. రిబ్బన్లతో మడిచి కట్టిన రెండు జడలు, నుదుట విభూతి, ఎవరినీ లెక్కచేయనట్టు కాస్త పైకెత్తిన గడ్డం. అవతలి రాష్ట్రంలోని ఊరి నుంచి తల్లీ తండ్రీ, నాయనమ్మతో సహా, మగ్గం పనికి వచ్చి, మా బడి వెనక వీధిలోనే దిగారు. ఇంట్లో మాట్లాడేది తమిళమే అయినా పెద్దవాళ్ళకి తెలుగూ వచ్చు. చేరిన రోజు తాగే నీళ్ళెక్కడ అని పక్కపిల్లని తమిళంలో అడిగిందట. లీడరు లేచి గోడకేసి నిలబెట్టాడట. నేను క్లాసుకి రాకముందు జరిగిన ఈ ముచ్చట నా చెవిన పడేసరికి చాలా రోజులు గడిచిపోయాయి. ఈలోపల పిల్ల నోటికి తాళం వేసేసుకుంది.

హాజరు పిలిస్తే చెయ్యెత్తేది. దాహం వేస్తే బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించేది. పెన్సిలు మొన విరిగితే రెండు చేతుల వేళ్ళూ దగ్గరికి తెచ్చి టక్కున విడదీసేది. వెనక నుంచి పిలిస్తే తిరిగేది కాదు. భుజం తట్టాలి, లేకపోతే కళ్ళ ముందు చెయ్యి ఊపాలి. అప్పుడు మాత్రం కళ్ళు విప్పార్చుకుని చూసేది. చూడడంలో ఏ లోపమూ లేదు. నల్లబల్ల మీద ఉన్నదంతా ముత్యాల్లాంటి అక్షరాలతో దించేసుకునేది.

ఒకనాడు హెడ్మాస్టరుగారు చప్పుడు చేయకుండా వచ్చి ఆ పిల్ల వెనక నిలబడ్డాడు. చప్పట్లు కొట్టాడు. పేరు పెట్టి పిలిచాడు. పిల్ల రాసుకుంటూనే ఉంది. బయట వేలాడే రైలుపట్టా గంటని తెప్పించి తల వెనకే మోగించాడు. క్లాసంతా చెవులు మూసుకుంది. ఈ పిల్ల ఉలిక్కిపడను కూడా లేదు. ఆయన ముఖంలో నిజమైన బాధ కనిపించింది. "అయ్యో పాపం, ఈ పిల్లకు వినపడదమ్మా. వినపడకపోతే మాట యాడ్నుంచి వస్తాది?" అన్నాడు.

మర్నాడే తండ్రిని పిలిపించాడు. ఆయన మగ్గం మీద నుంచి నేరుగా లేచొచ్చినట్టున్నాడు, జుట్టంతా నూలు పోగులు. హెడ్మాస్టరుగారు కూర్చోబెట్టి మెల్లగా చెప్పాడు. త్వరలో మండలాఫీసు దగ్గర క్యాంపు పెడుతున్నారు, తిరుపతి నుంచి చెవుల డాక్టరు వస్తాడు, చూసి కాగితం ఇస్తే తిరుపతిలో ఇలాంటి పిల్లల కోసం ఉన్న హాస్టలు బడిలో వెంటనే చేర్చుకుంటారు అని.

"ఇంట్లో బాగా మాట్లాడతాది సార్," అన్నాడు తండ్రి బిత్తరపోయి.

"ప్రతి అమ్మా నాయనా ఇదే మాట చెప్తారప్పా. మా పెద్దమ్మ కూతురి విషయంలో అట్లనే చెప్తా చెప్తా ఈడు దాటించేసినారు. ఇప్పుడా పిల్లకు మాటా లేదు, సదువూ లేదు. మీ బిడ్డని అట్ల చేసుకోవద్దు. మగ్గాల సద్దుకు చిన్నప్పుడే చెవులు పోయింటాయి."

మగ్గాల మాట వచ్చేసరికి తండ్రి ముఖం మాడిపోయింది. డాక్టరు ఎట్ల చెప్తే అట్లనే చేస్తాను సార్ అని మాటిచ్చేసి, తలొంచుకుని వెళ్ళిపోయాడు.

నాకు మనసొప్పలేదు. వినపడని పిల్ల అయితే నేను పాఠంలో కోతి కథ చెబుతున్నప్పుడు మిగతావాళ్ళకంటే ముందు పెదవి బిగబట్టి నవ్వు ఎందుకు ఆపుకుంటుంది? ఆ సాయంత్రం బడి వదలగానే వాళ్ళింటికి వెళ్ళాను. ముందు గది నిండా మగ్గాలు, వెనక వంటిల్లు. గడప దగ్గర నిలబడి అమ్మా అమ్మా అని అరిచాను. నా గొంతు సంగతి చెప్పాను కదా, అదీ ఆ దడదడలో కలిసిపోయింది. లోపల ఒక్కరూ తిరిగి చూడలేదు. గడప కింద నేల కూడా అదురుతోంది.

అప్పుడు చూశాను. తల్లి ఒక మగ్గం దగ్గర, తండ్రి ఇంకో మగ్గం దగ్గర, మా పిల్ల మధ్యలో. తల్లి రెండు చేతుల వేళ్ళూ కలిపి టక్కున విడదీసింది. పిల్ల పరుగెత్తి తెగిన పోగు ముడేసింది. తండ్రి పిడికిలి గిర్రున తిప్పాడు. పిల్ల నూలు చుట్టిన కండె తెచ్చిచ్చింది. తల్లి ఏదో చూపించింది, పిల్ల తల అడ్డంగా ఊపి నడుం మీద చేతులు పెట్టుకుంది, తల్లి నవ్వింది. ఇంత సంభాషణా చేతుల మీదే. ఆ గదిలో ఎవరూ ఎవరినీ వెనక నుంచి పిలవరు, పిలిచినా లాభం లేదు. చప్పుడుకి తల తిప్పే అలవాటు ఆ పిల్లకి పుట్టినప్పటి నుంచి లేనే లేదు. మా హెడ్మాస్టరుగారి రైలుపట్టా గంట ఈ గదిలో దోమ రొదకి కూడా చాలదు.

అంతలో కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. నా చెవులు గుయ్యిమన్నాయి. ఆ నిశ్శబ్దంలో ఒక పిల్ల గొంతు ఖంగుమని లేచింది. తమిళంలో గడగడా చెప్పుకుపోతోంది, వంటింట్లో కూర్చున్న నాయనమ్మకి బడి కబుర్లు. నాకు సగం అర్థమై సగం కాకుండా ఉంది. ఉన్నట్టుండి గొంతు మార్చి, నడుం మీద చెయ్యి పెట్టి, అచ్చ తెలుగులో, "ఒరే కోతుల్లారా, మీ అరుపులకి నా తల పగిలిపోతా ఉండాది, నోర్ముయ్యండి!" అంది. అది నేనే. నా గొంతే. నా మదనపల్లె యాసే. నాయనమ్మ కిసుక్కుమంది.

గడపలో నన్ను చూసి పిల్ల రాయిలా బిగుసుకుపోయింది. నాకు ఒకవైపు నవ్వు, ఒకవైపు ఏడుపు. తిట్టాలో ముద్దుపెట్టుకోవాలో తెలియలేదు. తల్లి మాత్రం నన్ను చూడగానే కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. "పాప కడుపులో ఉండంగ గూడా మగ్గం కాడ్నే ఉంటిని టీచరమ్మా. నా వల్లనే పాప చెవులు పోయినాయంట" అంది.

"చెవులు పోలేదు, ఏం పోలేదు. నా గొంతు ఎట్లుంటాదో నాకంటే బాగా విన్నాది మీ పాప!" అన్నాను.

"నువ్వు అంటాండావు. పెద్ద సారు అట్ల చెప్పినారే. డాక్టరు కాగితం రాస్తే పంపేస్తానని మా ఆయన మాటిచ్చేసినాడు. ఇంత బిడ్డని తిరుపతిలో ఇడిసిపెట్టి నేనెట్ల ఉండేది?"

మర్నాడు హెడ్మాస్టరుగారి ముందు జరిగిందంతా చెప్పాను. నా చెవులతో విన్నాను సార్ అన్నాను. ఆయన నమ్మలేదు. అబద్ధమనీ అనలేదు. జాలితో ఎక్కువ చేసి చెబుతున్నానని ఆయన అనుమానం. "సరేమ్మా. బడిలో ఆ పిల్ల నోట మాట విన్నోళ్ళు ఒక్కరు గూడా లేరు. క్యాంపులో డాక్టరు ముందర ఒక్క మాట మాట్లాడించండి, హాస్టలు కాగితంలో నా చేత్తో నేనే పేరు కొట్టేస్తా" అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. మాట్లాడిస్తాను చూడండి అని సవాలు చేసి వచ్చేశాను.

సవాలు చేసినంత తేలికా! క్లాసులోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాను. ఈ నాలుగ్గోడల మధ్య ఎవరిష్టం వచ్చిన భాష వాళ్ళు మాట్లాడొచ్చు అన్నాను. లీడరు నోరు వెళ్ళబెట్టాడు. నీ ఉద్యోగం ఊడింది పోరా అన్నాను వాడితో. పాఠం నేను తెలుగులో చెప్పాక, ఎవరింటి మాటలో వాళ్ళు పక్కవాళ్ళకి చెప్పుకోవాలి, ఆ తర్వాత నాకు తెలుగులో చెప్పాలి. మొదట్లో గుసగుసలు, తర్వాత సంత. వర్షం గురించిన పాఠం తమిళంలో, ఉర్దూలో, తెలుగులో ఒకేసారి కురిసింది. నోరే లేదనుకున్న పిల్లలకి ఇన్ని మాటలున్నాయా అని నాకు కడుపు నిండిపోయింది. తెలుగు కూడా ముందుకంటే ధైర్యంగా మాట్లాడారు, తప్పులు మాట్లాడారు, మాట్లాడనీ!

మా పిల్లని రెండు భాషల వసపిట్ట ఒకదాని పక్కన కూర్చోబెట్టాను. మా పిల్ల దాని చెవిలో గుసగుసగా చెప్పేది, నేను చూస్తే నోరు కట్టేసుకునేది. నోటితో కాకపోతే చేతితోనే చెప్పమ్మా అని బల్ల ముందుకి పిలిచి, మగ్గాల సైగలు అందరికీ నేర్పమన్నాను. అందులో ఆ పిల్ల రాణి. రెండ్రోజుల్లో క్లాసంతా నీళ్ళకీ, పెన్సిలుకీ, పలకకీ చేతులు తిప్పడమే. ఆ నిశ్శబ్దానికి అనుమానమొచ్చి హెడ్మాస్టరుగారు తలుపు తోసి చూశాడు. "ఒక్క పిల్లని మాట్లాడించమంటే క్లాసంతా మూగనోము పట్టించినారే తల్లీ!" అని నెత్తి కొట్టుకుని వెళ్ళిపోయాడు.

క్యాంపు ముందు రోజు నా ఓపిక అయిపోయింది. "ఒక్క మాట మాట్లాడవే నా తల్లీ! రేపు నిన్ను తీసుకుపోతారు, తెలుస్తా ఉండాదా?" అని అరిచేశాను. ఆ పిల్ల నా వైపు నిదానంగా చూసి, చెయ్యి పైకెత్తి కిందికి లాగింది. మగ్గం స్విచ్చి ఆపెయ్యమనే సైగ. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వుతూనే భయపడ్డాను, ఎందుకంటే రేపు డాక్టరుకి ఈ చేతులే కనబడతాయి.

మండలాఫీసు ముందు షామియానా వేశారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి తల్లులు బిడ్డల్ని ఎత్తుకుని, నడిపించుకుని వచ్చారు. మా పిల్ల తల్లీ తండ్రీ మగ్గాలు ఆపేసి వచ్చారు. తల్లి బిడ్డ చెయ్యి వదలడం లేదు. హెడ్మాస్టరుగారు కాగితాలు పట్టుకుని నిలబడ్డాడు. నేను పిల్ల చెవిలో చెబుతూనే ఉన్నాను, తెలుగైనా సరే, అరవమైనా సరే, పేరడిగితే చెప్పు చాలు అని. గడ్డం పైకెత్తి ఎటో చూస్తోంది. గోడకు చెప్పినట్టే ఉంది.

మా ముందు ఒక తల్లి, ఆమె చంకలో చిన్నపిల్ల. మూడేళ్ళుంటాయేమో. ఆ పాపకి నిజంగానే వినపడదని తల్లి ఏడుస్తూ చెబుతోంది. డాక్టరు చెవిలోకి చూసే లైటు దగ్గరికి తెచ్చాడు. అంతే, పాప పొర్లి పొర్లి ఏడుపు. తల్లి ఆకలేమో అని బన్ను పెట్టబోయింది, విసిరికొట్టింది. ఒంటికి వెళ్ళాలేమో అని పక్కకి తీసుకుపోయి తెచ్చింది. మళ్ళీ లైటు చూడగానే మళ్ళీ అదే ఏడుపు. జనం విసుక్కుంటున్నారు. డాక్టరు ఆమెను కాసేపు పక్కన కూర్చోమని చెప్పి, తర్వాత పేరు పిలిచాడు. మా పిల్లదే.

మా పిల్ల తిరగలేదు. పక్కన కూర్చున్న ఆ చిన్నపిల్ల వైపే చూస్తోంది. డాక్టరు మళ్ళీ గట్టిగా పిలిచాడు. తిరగలేదు.

"చూసినారా సార్, వినపడదు," అన్నాడు హెడ్మాస్టరుగారు.

ఈలోపు మా పిల్ల ఆ పాప ముందు గొంతుక్కూర్చుంది. ఏదో సైగ చేసింది. పాప వెక్కిళ్ళు పెడుతూ తన చెవి తమ్మె దగ్గర వేలితో పొడిచినట్టు చూపించి, చేతులు అడ్డంగా ఆడించింది. మా పిల్ల మళ్ళీ ఏదో అడిగింది. పాప మళ్ళీ చెవి చూపించింది.

"మాటల్లేవు సార్, ఇంట్లో గూడా అన్నీ ఇట్ల చేతులే," అన్నాడు హెడ్మాస్టరుగారు. డాక్టరు తలాడించి పెన్ను తీశాడు. ఎవరి మీద అరవాలో తెలియక నేను ఆ షామియానా గుంజ పట్టుకుని నిలబడిపోయాను. తల్లి నా భుజం మీద వాలి ఏడుస్తోంది.

మా పిల్ల లేచి, తిన్నగా డాక్టరు బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, ఆ పాపకి చెవు మళ్ళా కుట్టేస్తారని బయం. మీ చేతిలో సూది ఉండాదనుకుంటాంది. సూది ఇల్లని చూపించండి సార్," అంది.

లేదు అనడానికి తమిళంలో ఇల్ల అనేసినా, గట్టిగా అంది. మగ్గాల ఇంటి గొంతు కదా, షామియానా అవతలికి కూడా వినబడింది.

డాక్టరు పాప దగ్గరికి వెళ్ళి చెవి చూశాడు. కొత్తగా కుట్టిన చెవి. తమ్మెలో వేపపుల్ల ఇంకా అలాగే ఉంది, చుట్టూ ఎర్రగా వాచి ఉంది. ఆయన లైటుని పాప అరచేతిలో పెట్టేశాడు. పాప అటూ ఇటూ తిప్పి చూసుకుంది, ఎక్కడా సూది కనబడలేదు, ఏడుపు ఆపేసింది. తర్వాత ఆయన తిరిగి వచ్చి హెడ్మాస్టరుగారి వైపు చూసి, "మూగపిల్ల అన్నది ఈ అమ్మాయినేనా?" అన్నాడు.

హెడ్మాస్టరుగారు బల్ల మీద ఉన్న కాగితం తీసుకుని, అన్న మాట ప్రకారం తన చేత్తోనే పేరు కొట్టేశాడు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, మా పిల్ల ముందు వంగి, "సాప్టియామ్మా?" అన్నాడు. తిన్నావా తల్లీ అని, తమిళంలో. ఆయన నోట నేను ఆ భాష వినడం అదే మొదలు. పిల్ల భయంగా నా వైపు చూసింది, ఈ మాటకి జవాబు చెబితే గోడకేసి నిలబెడతారేమో అని. చెప్పు చెప్పు అని తలూపాను. "ఇల్లె సార్," అంది, లేదని. ఆయన ఆ పిల్ల తల మీద చెయ్యి వేశాడు. తండ్రి ఇంకా కాగితం మీద కొట్టేసిన గీతనే చూస్తున్నాడు.

ఇక పోదాం పదండి అని నేను తొందర చేస్తున్నాను. అంతలో ఆ చిన్నపిల్ల తల్లి వచ్చి మా పిల్ల రెండు చేతులూ పట్టేసుకుంది.

"నా బిడ్డ పుట్టినకాడ్నుంచి ఏమంటాదో నాకు ఒక్కటీ తెలీదు తల్లీ. నీకు తెలస్తాందే! ఇంకేమంటాదో అడగమ్మా, ఒక్కసారి అడుగు," అంది, ఏడుస్తూ.

మా పిల్ల వాళ్ళమ్మ వైపు చూసింది. వాళ్ళమ్మ తలూపింది. అప్పుడు ఆ పాప ముందు కూర్చుని, అరచేయి తెరిచి తిప్పి అడిగింది. పాప లైటుని ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత తన తల్లి కళ్ళ వైపు వేలు చూపించి, ఆ వేలితో చెంప మీద పైనుంచి కిందికి గీసి, చెయ్యి తిప్పింది.

"నువ్వెందుకు ఏడస్తాండావని అడగతాందక్కా," అంది మా పిల్ల.

ఆ తల్లి కొంగుతో గబగబా కళ్ళు తుడుచుకుంది. ఆమె జవాబు చెబితే పాపకి అందిద్దామని మా పిల్ల చేతులు సిద్ధంగా పెట్టుకుని అక్కడే కూర్చుని ఉంది.